క్లారినెట్ టోన్ సన్నబడుతోందా? రీడ్ మార్చేముందు ఒంట్లో బిగువు ఎక్కడుందో చూసుకోండి

రెండేళ్లపాటు నా క్లారినెట్ టోన్ సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు వచ్చేది. రీడ్‌లు (ఊదితే ఊగి శబ్దం పుట్టించే పల్చటి పుల్లలు) మార్చాను, గట్టిదనంలో రెండున్నర నంబరు నుంచి మూడుకి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాను, నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ రెండుసార్లు మార్చాను, రీడ్‌ని దానికి బిగించే లిగేచర్‌ని కూడా వదల్లేదు. మార్చిన ప్రతిసారీ మూడు రోజులు బాగున్నట్టే అనిపించేది, నాలుగో రోజుకి అదే సన్నటి గొంతు మళ్లీ వచ్చి కూర్చునేది. ఒకరోజు క్లాసులో, వేళ్లన్నీ ఎత్తి వాయించే జి స్వరాన్ని లాగి పట్టుకుని ఊదుతుంటే, మా గురువుగారు ఏమీ మాట్లాడకుండా ఎదురుగా వచ్చి నిలబడి, రెండు వేళ్లు బెల్ (క్లారినెట్ చివరి గరాటు) కింద పెట్టి క్లారినెట్‌ని ఓ అర అంగుళం పైకి ఎత్తారు. కుడి బొటనవేలి మీద బరువు పోయింది. ఆ వెంటనే, నేను కావాలని ఏమీ చేయకుండానే, కుడి భుజం కిందికి దిగింది, మెడ వదులైంది, కింది దవడ కొంచెం జారింది, అదే రీడ్ మీద అదే స్వరం నిండుగా, గుండ్రంగా గదంతా పరుచుకుంది. ఆయన వేళ్లు తీసేశారు. మళ్లీ సన్నబడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ నిండింది. అలా నాలుగైదుసార్లు చేసి, "నీ టోన్ ఇక్కడ ఆగిపోతోంది" అని నా బొటనవేలు చూపించారు.

ఆ రోజు నుంచి నేను టోన్ గురించి ఆలోచించే పద్ధతే మారిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు, కొన్నేళ్లుగా వాయిస్తూ ఒకచోట ఆగిపోయినవాళ్లు చాలామంది సమస్య నోటి దగ్గర ఉందనుకుని నోటినే సరిచేయబోతారు. బిగువు నోటి దగ్గర బయటపడుతుంది గానీ అది మొదలయ్యే చోటు ఎక్కువసార్లు ఇంకెక్కడో ఉంటుంది: బొటనవేలిలో, మెడ వెనక, లాక్ చేసిన మోకాళ్లలో, ఊదబోయే ముందు బిగబట్టిన ఊపిరిలో. ఆ చోటు ఎలా కనుక్కోవాలో, కనుక్కున్నాక ఏం చేయాలో నాకు పనికొచ్చిన పద్ధతిలో చెప్తాను.

అసలు ఒంటికీ టోన్‌కీ సంబంధం ఏమిటి

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. మనం వినే శబ్దం క్లారినెట్ రంధ్రాల్లోంచి, బెల్ లోంచి బయటికి వస్తుంది. మన ఛాతీ, మన ఎముకలు వీణ కుండలా మోగి ఆ శబ్దాన్ని పెంచడం లేదు. మరి కూర్చునే తీరు మారితే టోన్ ఎందుకు మారుతోంది? శరీరం మూడు దార్లలో రీడ్ దాకా చేరుతుంది. ఒకటి, దవడ, పెదవి రీడ్ మీద పెట్టే ఒత్తిడి. రెండు, ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి ఎంత నిలకడగా వస్తోందన్నది. మూడు, నోటి లోపలి ఆకారం, అంటే నాలుక, కంఠం ఎలా ఉన్నాయన్నది. మెడలోనో నడుములోనో బిగువు ఉంటే అది ఈ మూడింటిలో ఏదో ఒక దారిలోనే టోన్‌ని పాడుచేస్తుంది.

రీడ్ చివరకీ మౌత్‌పీస్ చివరకీ మధ్య ఉండే సందు చాలా మౌత్‌పీస్‌లలో సుమారు ఒక మిల్లీమీటరు. బీ ఫ్లాట్ క్లారినెట్‌లో అన్నిటికంటే కింది స్వరమైన ఇ వాయించినప్పుడు ఆ రీడ్ సెకనుకి దాదాపు 147 సార్లు ఆ సందుని మూసి తెరుస్తుంది. రిజిస్టర్ కీ (స్వరాన్ని పై స్థాయికి, అంటే పై రిజిస్టర్‌కి ఎగరేసే ఎడమ బొటనవేలి కీ) నొక్కి అదే వేళ్లతో పై బి వాయిస్తే ఆ లెక్క మూడింతలై 440 అవుతుంది, ఎందుకంటే క్లారినెట్ పై రిజిస్టర్‌కి వెళ్లినప్పుడు సాక్సఫోన్‌లా రెట్టింపు కాదు, మూడింతలకి ఎగురుతుంది. ఇప్పుడు ఒక మిల్లీమీటరు సందులో ఇంత వేగంగా ఊగే పల్చటి పుల్లని దవడతో అదిమితే ఏమవుతుంది? సందు ఇంకా చిన్నదవుతుంది, రీడ్ పూర్తిగా ఊగలేదు, లోపలికి వెళ్లే గాలి తగ్గుతుంది, శృతి పైకి పోతుంది, నాదంలోని నిండుదనం పోయి సన్నటి గీత మిగులుతుంది. దీన్నే మనవాళ్లు రీడ్‌ని కొరకడం అంటారు. దవడ కండరం చాలా బలమైంది, గట్టి పదార్థాలు నమలడానికి పుట్టింది, రీడ్‌కి కావలసిన ఒత్తిడి దాని బలంలో లేశమంత కూడా కాదు. అందుకే మెడ నుంచి కాస్త బిగువు దానికి అందినా అది రీడ్‌కి చాలా ఎక్కువైపోతుంది.

ముందు పరీక్షించుకోండి

సరిచేసుకునే ముందు ఇప్పుడెలా ఉందో తెలియాలి. ఫోన్‌ని ఓ రెండు మీటర్ల దూరంలో పెట్టి రికార్డు చేయండి, ఎందుకంటే పై పళ్లు మౌత్‌పీస్‌కి ఆనుకుని ఉండడం వల్ల మనకి ఎముకల ద్వారా వినిపించేదీ ఎదుటివాళ్లకి వినిపించేదీ ఒకటి కాదు. ఒక అద్దం కూడా దగ్గర పెట్టుకోండి, నిలువుటద్దం అయితే మరీ మంచిది.

మొదటి పరీక్ష మౌత్‌పీస్, దాని కిందే ఉండే చిన్న గొట్టం బ్యారెల్, ఈ రెండు మాత్రమే కలిపి ఊదడం. బీ ఫ్లాట్ క్లారినెట్‌కి ట్యూనర్‌లో ఎఫ్ షార్ప్ దగ్గర సూది నిలబడాలి, ట్యూనర్‌ని శృతి మార్పులేవీ లేకుండా మామూలు సి సెట్టింగ్‌లో ఉంచండి. జి వైపో ఇంకా పైకో పోతుంటే కొరుకుతున్నారని అర్థం. ఎఫ్ కంటే కిందికి జారిపోతుంటే పెదవి పట్టు చాలట్లేదు, లేదా నాలుక మరీ కింద పడుకుని ఉంది. ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. మౌత్‌పీస్, బ్యారెల్ మాత్రమే పట్టుకున్నప్పుడు ఎఫ్ షార్ప్ సరిగ్గా వచ్చి, మొత్తం వాయిద్యం బిగించి పట్టుకున్నాక మాత్రం శృతి పైకి పోతుంటే, మీ నోటిలో తప్పు లేదు, బరువు మోసే పద్ధతిలో ఉంది. నాకు జరిగింది సరిగ్గా ఇదే.

రెండో పరీక్ష మా గురువుగారు చేసిందే. ఎవరినైనా బెల్ కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తమనండి, మీరు జి స్వరం లాగి ఊదండి. ఎవరూ లేకపోతే కుర్చీలో కూర్చుని బెల్‌ని మోకాలి మీద ఆనించి ఊదండి, అందకపోతే మోకాలి మీద ఒక దిండు వేసుకోండి గానీ తల మాత్రం వంచకండి. బరువు ఉన్నప్పుడు, లేనప్పుడు టోన్‌లో తేడా వినిపిస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలో మీకు తెలిసిపోయింది.

మూడోది అద్దం ముందు. ఎడమ బొటనవేలు, మూడు వేళ్లు మూసి కింది సి వాయించి, ఇంకేమీ కదపకుండా రిజిస్టర్ కీ మాత్రం నొక్కండి, పై జి వస్తుంది. ఆ కీ నొక్కే క్షణంలో మీ గడ్డం కింద, మెడ పక్కల ఏం కదిలిందో చూడండి. గడ్డం ముడుచుకుంటే, మెడ నరాలు పొంగితే, భుజం అర అంగుళం లేస్తే, పై స్వరాన్ని మీరు కండబలంతో పట్టుకుని లాగుతున్నారు. ఆ జి రావడానికి కీ ఒక్కటి చాలు, గాలి నిలకడగా ఉంటే చాలు.

కింది నుంచి పైకి రండి

నిలబడి వాయించేటప్పుడు పాదాలు తుంటి వెడల్పున ఉంచండి. బరువు మడమల మీదే కాకుండా పాదం అంతటా పడాలి, మోకాళ్లు వంచనక్కర్లేదు గానీ వెనక్కి లాక్ చేయకూడదు. మోకాళ్లు లాక్ అయితే నడుము వెనక్కి ఒంగుతుంది, నడుము ఒంగితే పొట్ట ముందుకు సాగి బిగుసుకుంటుంది, బిగుసుకున్న పొట్టలోకి ఊపిరి దిగదు. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే లేచి నిలబడి మోకాళ్లు గట్టిగా వెనక్కి నెట్టి ఒక లోతైన ఊపిరి తీసుకుని, తర్వాత వదులు చేసి మళ్లీ తీసుకోండి, రెండో ఊపిరి ఎంత కిందికి దిగిందో మీకే తెలుస్తుంది.

కూర్చుని వాయించేటప్పుడు కుర్చీ ముందు సగంలో, పిర్రల కింద తగిలే రెండు ఎముకల మీద కూర్చోండి. వెనక్కి జారబడితే తోక ఎముక మీద బరువు పడి వీపు గూనిగా మారుతుంది, అప్పుడు పక్కటెముకలు పొట్ట మీదికి ఒరిగిపోతాయి. అలాగని సైనికుడిలా ఛాతీ పొంగించి వీపు నిట్రాటలా నిలబెట్టడం కూడా తప్పే, దానికి వీపు కండరాలు నిరంతరం పని చేయాలి, ఆ కండరాలు పట్టేస్తే వెనకవైపు పక్కటెముకలు తెరుచుకోవు. లేవమంటే చేతుల సాయం లేకుండా చటుక్కున లేవగలిగేలా కూర్చున్నారంటే సరిపోతుంది.

ఇక నోట్స్ పెట్టుకునే స్టాండు ఎత్తు చాలామంది పట్టించుకోరు. అది కిందికి ఉంటే తల వంగుతుంది, తల వంగితే మౌత్‌పీస్ నోట్లోకి వచ్చే కోణం మారిపోతుంది, రీడ్ మీద పెదవి ఒత్తే చోటు మారుతుంది. ఒక పేజీ పై వరుస నుంచి కింది వరుసకి వచ్చేసరికి టోన్ మందగిస్తోందంటే కారణం ఇదే కావచ్చు. స్టాండు పైకి లేపండి, కళ్లు మాత్రమే కిందికి దిగాలి.

క్లారినెట్‌ని నోటి దగ్గరికి తెచ్చే క్రమం చాలా ముఖ్యం, దీన్ని ప్రతిరోజూ మొదట పది సార్లు చేయమంటాను. ముందు వాయిద్యం లేకుండా హాయిగా నిలబడండి, లేదా కూర్చోండి. తల నిటారుగా, చూపు ఎదురుగా ఉండాలి. ఇప్పుడు చేతులు క్లారినెట్‌ని పైకి తీసుకొచ్చి మౌత్‌పీస్‌ని పెదవుల దాకా చేర్చాలి, తల అక్కడే ఉండాలి. మనలో ఎక్కువమంది చివరి రెండు అంగుళాలు తలని ముందుకు చాపి మౌత్‌పీస్‌ని అందుకుంటాం. అద్దంలో పక్క నుంచి చూసుకుంటే గానీ తెలియదు. మనిషి తల నాలుగున్నర నుంచి ఐదు కిలోల బరువు ఉంటుంది, అది వెన్ను మీద సరిగ్గా కూర్చుంటే మెడకి పెద్దగా పనిలేదు, రెండు అంగుళాలు ముందుకు పోతే మాత్రం మెడ వెనక కండరాలు దాన్ని పడిపోకుండా లాగి పట్టుకోవాలి, ఆ లాగుడు నేరుగా దవడకీ నాలుక వేరుకీ చేరుతుంది. కోణం విషయానికొస్తే క్లారినెట్‌కీ ఒంటికీ మధ్య 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఏదో ఒకటి మీకు కుదురుతుంది. పై పళ్లు ముందుకు ఉన్నవాళ్లకి తక్కువ, పళ్లు సమంగా ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. ఒక స్వరం లాగి ఊదుతూ బెల్‌ని మెల్లగా ముందుకు, వెనక్కి కదిపి చూడండి, ఒక చోట నాదం విప్పారుతుంది, అదే మీ కోణం.

మెడ, తల కలిసే చోటు

తల వెన్నుపూస మీద కూర్చునే కీలు ఎక్కడుందో వేలితో చూపించమంటే చాలామంది మెడ కింద, భుజాల దగ్గర చూపిస్తారు. నిజానికి అది రెండు చెవుల మధ్య, లోపల, అంత పైన ఉంటుంది. "అవును" అన్నట్టు చాలా చిన్నగా, ముక్కు కొన ఒక అంగుళం మాత్రమే కదిలేలా తల ఊపండి, ఆ కదలిక పుట్టే చోటే ఆ కీలు. ఊదే ముందు ఇలా రెండుసార్లు ఊపితే మెడ వెనక పట్టేసిన చిన్న కండరాలు వదులుతాయి.

ఫ్రెడరిక్ మథయస్ అలెగ్జాండర్ అనే ఆస్ట్రేలియా నటుడు, 1869లో పుట్టినవాడు, వేదిక మీద పద్యాలు చదువుతుంటే గొంతు పోయేది. డాక్టర్ల దగ్గర కారణం దొరక్క, అద్దాల ముందు నిలబడి తననే గమనించుకుంటూ వెళ్లాడు, మాట్లాడబోయే ప్రతిసారీ తల వెనక్కి, కిందికి లాగుతున్నాడని, దాంతో కంఠం నొక్కుకుపోతోందని కనిపెట్టాడు. ఈరోజు సంగీత కళాశాలల్లో నేర్పే అలెగ్జాండర్ టెక్నిక్ అక్కడినుంచి వచ్చిందే. క్లారినెట్ వాళ్లకి ఇందులో కావలసింది ఒక్కటే: పని మొదలుపెట్టే ముందు క్షణంలో ఏం చేస్తున్నామో గమనించడం. ఎందుకంటే బిగువు ఎక్కువగా ఆ క్షణంలోనే పుడుతుంది.

ఊపిరి తీసుకున్నాక వచ్చే ఆ చిన్న విరామం

ఊపిరి గురించి చెప్పేటప్పుడు డయాఫ్రమ్‌తో ఊదు అంటూ ఉంటారు. డయాఫ్రమ్ ఊపిరి లోపలికి తీసుకునే కండరం, అది ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండి, ముడుచుకున్నప్పుడు కిందికి దిగుతుంది. గాలిని బయటికి నెట్టేది పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు. డయాఫ్రమ్‌ని మనం నేరుగా తాకి చూసుకోలేం, దాన్ని బిగించాలని ప్రయత్నిస్తే బిగిసేది పొట్ట. కాబట్టి లోపలికి తీసుకునేటప్పుడు పొట్ట, నడుము పక్కలు, వీపు కింది భాగం అన్నీ వెడల్పవనివ్వండి, భుజాలకి ఏ పనీ లేదు. ఊదేటప్పుడు పొట్ట కింది భాగం నుంచి మెల్లగా, ఆగకుండా లోపలికి రావాలి. ఇందులో బలం ఉంటుంది, ఉండాలి కూడా, బలమైన గాలి లేకుండా నిండైన టోన్ రాదు.

అసలు చిక్కు ఊపిరి తీసుకోవడం అయ్యాక, ఊదడం మొదలయ్యే ముందు ఉండే అర సెకనులో ఉంది. చాలామంది అక్కడ ఊపిరి బిగబడతారు. బిగబట్టడమంటే కంఠంలోని తలుపు మూసుకోవడమే, బరువు ఎత్తేటప్పుడు మనం చేసే పనే అది. ఆ తలుపు వెనక గాలి పోగుపడుతుంది, భుజాలు, మెడ, దవడ అన్నీ కలిసి దాన్ని ఆపుతుంటాయి, తర్వాత నాలుక కదిలితే మొదటి స్వరం ఠప్పున పగిలినట్టు, లేదా శృతి పైకెక్కి వస్తుంది. దాని తర్వాత వచ్చే పదిహేను స్వరాలు అదే బిగువు మీద నడుస్తాయి.

దీనికి నేను చేసేది ఇది. నాలుక అసలు వాడకుండా, ఊపిరిని ఒక ఉయ్యాలలా లోపలికి, ఆగకుండా బయటికి తిప్పుతాను. ముందు వాయిద్యం లేకుండా, తర్వాత మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని శబ్దం రాకుండా ఉత్త గాలి మాత్రమే, తర్వాత గాలి కొంచెం పెంచుతూ స్వరం తనంతట తాను మొదలయ్యేదాకా. మొదట గాలి శబ్దం వినిపిస్తుంది, ఆ గాలి లోంచి స్వరం మెల్లగా పైకి తేలుతుంది. అది ఎప్పుడు తేలిందో మీకు చెప్పలేనంత మెత్తగా రావాలి. నాలుగు రోజులు ఇలా చేశాక నాలుక కలపండి, మొదటి స్వరం మీకే కొత్తగా వినిపిస్తుంది.

బొటనవేలు

క్లారినెట్ బరువు సుమారు 800 గ్రాములు. ఇది ఎక్కువేమీ కాదు, కానీ అంతా కుడి బొటనవేలి పక్కన ఒక చిన్న చోట పడుతుంది, అదీ గంటల తరబడి. థంబ్ రెస్ట్, అంటే క్లారినెట్ వెనక బొటనవేలు ఆనే కొక్కెం, వేలి గోరు మొదలుకీ మొదటి కణుపుకీ మధ్య ఉండాలి. కొందరు దాన్ని కణుపు దాటి లోపలికి జరుపుకుంటారు, సులువుగా అనిపిస్తుంది గానీ అప్పుడు మణికట్టు మెలిపడి, వేళ్లు కీల మీదకి వంకరగా వస్తాయి. బొటనవేలు చూపుడు వేలికి ఎదురుగా, కొంచెం వంగి, ఇంగ్లిష్ సి అక్షరం ఆకారంలో ఉండాలి, వెనక్కి విరిగినట్టు ఒంగిపోకూడదు.

బరువుని పైకి మోస్తున్నట్టు కాకుండా, క్లారినెట్‌ని పై పళ్ల వైపుకి మెల్లగా నెడుతున్నట్టు అనుకోండి. మౌత్‌పీస్ పైభాగం పై పళ్లకి నిలకడగా ఆనుకుని ఉంటే కింది దవడ వాయిద్యాన్ని పట్టుకోనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి చాలామంది కొరుకుడుకి మూలం: బొటనవేలు అలసిపోయినప్పుడు క్లారినెట్ కిందికి జారుతుంది, జారకుండా ఆపేపని దవడ తన మీద వేసుకుంటుంది. అరగంట దాటాక టోన్ సన్నబడటం, శృతి పైకి పాకడం మొదలవుతోందంటే పెదవి అలసిందని అనుకోకముందు బొటనవేలిని అడగండి. మౌత్‌పీస్ మీద అతికించే పల్చటి రబ్బరు ప్యాచ్ ఉంటే పళ్లు జారవు, పళ్లకి అదురు తగలదు, అది కూడా దవడని నిమ్మళపరుస్తుంది.

థంబ్ రెస్ట్ పైకి కిందికి జరిగేదైతే రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున జరిపి చూడండి. చేతులు చిన్నగా ఉన్నవాళ్లు, కీళ్లు సాగే గుణం ఉన్నవాళ్లు, బొటనవేలు నొప్పి ఉన్నవాళ్లు మెడ పట్టీ వాడాలని నేను గట్టిగా చెప్తాను, సాగే పట్టీ అయితే ఇంకా మంచిది. పట్టీ పిల్లలకని, పెద్దవాళ్లు వాడితే చిన్నతనమని కొందరు అంటారు, ఆ మాట వినకండి. పట్టీ పెట్టుకున్న మొదటి రోజే నా కింది ఇ స్వరం రెండింతలు వెడల్పుగా వినిపించింది.

వేళ్లకి ఎంత ఒత్తిడి కావాలి

దీనికి ఒక పరీక్ష ఉంది, అద్భుతంగా పనిచేస్తుంది. రెండు చేతుల మూడేసి వేళ్లు, ఎడమ బొటనవేలు మూసి కింది జి లాగి ఊదుతూ, వేళ్ల ఒత్తిడి కొంచెం కొంచెం తగ్గిస్తూ పోండి. ఒక చోట గాలి కారి స్వరం బుసబుసమంటుంది, లేదా కీచుమంటుంది. అక్కడినుంచి లేశమంత ఒత్తిడి పెంచండి, స్వరం మళ్లీ కుదురుకుంటుంది. మీకు కావలసింది అంతే. ఇప్పుడు మీరు మామూలుగా వాయించే ఒత్తిడితో పోల్చి చూడండి, చాలామందికి ఐదారు రెట్లు తేడా తెలుస్తుంది. రంధ్రం మూసేది వేలి కొన కాదు, కొన కింద ఉండే మెత్తటి కండ, అది తనంతట తానే రంధ్రం మీద పరుచుకుంటుంది, గట్టిగా నొక్కితే మెత్తదనం పోయి గాలి కారే అవకాశం పెరుగుతుంది.

వేళ్లు బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, మోచేతులు పక్కటెముకలకి అతుక్కుంటాయి, అక్కడినుంచి దారి మీకు తెలిసిందే. మోచేతులు ఒంటి నుంచి కాస్త దూరంగా వేలాడనివ్వండి, రెక్కల్లా చాపనక్కర్లేదు.

అందరికీ బిగువు కమ్ముకొచ్చే చోటు ఒకటుంది, మధ్య ఎ నుంచి పై బి కి, అంటే కింది రిజిస్టర్ నుంచి పై రిజిస్టర్‌కి దాటే ఆ బ్రేక్. ఎ వాయించేటప్పుడు ఎడమ చూపుడు వేలు ఒక్కటే పనిచేస్తుంది, మరుక్షణం దాదాపు వేళ్లన్నీ ఒకేసారి మూసుకుని రిజిస్టర్ కీ తెరుచుకోవాలి. భయంతో వేళ్లు దబ్బున పడతాయి, దవడ కొరుకుతుంది, గాలి తగ్గుతుంది. ఎ వాయిస్తూనే కుడిచేతి వేళ్లన్నీ ముందే మూసి ఉంచండి, శృతికి పెద్దగా తేడా రాదు, నాదం కూడా నిండుతుంది, దాటేటప్పుడు ఎడమచెయ్యి మాత్రమే కదిలితే సరిపోతుంది. గాలిని మాత్రం దాటే చోట తగ్గించకండి, గాలి ఒకే నదిలా పోతుండాలి, వేళ్లు దానిమీద నడుస్తుంటాయి.

నోరు: ఏది బిగువుగా ఉండాలి, ఏది ఉండకూడదు

"రిలాక్స్ అవ్వు" అని చెప్పే సలహాతో నాకు పేచీ ఉంది. పూర్తిగా వదిలేస్తే క్లారినెట్ మోగదు. పెదవి మూలల్లోంచి గాలి కారుతుంది, టోన్ చెదిరి, శృతి కిందికి జారుతుంది. పని చేయాల్సిన కండరాలు పని చేయాలి, చేయకూడనివి ఊరుకోవాలి, టోన్ అంతా ఆ పంపకంలో ఉంది. పని చేయాల్సింది పెదవి మూలలు, అవి మౌత్‌పీస్ వైపుకి లోపలికి రావాలి, ఈల వేసేటప్పుడు వచ్చినట్టు. గడ్డం చదునుగా, కిందికి సాగి ఉండాలి. గడ్డం మీద చర్మం గుంటలు పడి ముడుచుకుందంటే కింది పెదవి దిండులా ఉబ్బి రీడ్ ఊపుని మింగేస్తోంది. ఊరుకోవాల్సింది దవడ. చెంప మీద, చెవి ముందు రెండు వేళ్లు పెట్టి పళ్లు బిగిస్తే ఉబ్బే కండరం తెలుస్తుంది కదా, ఊదుతున్నప్పుడు ఎవరినైనా అక్కడ తాకి చూడమనండి, అది రాయిలా ఉంటే దవడ పని చేస్తోంది.

కొరుకుడు వదిలించడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే నిజాయితీగల గురువు డబుల్ లిప్. పై పెదవిని కూడా పై పళ్ల మీదికి మడిచి మౌత్‌పీస్ పెట్టుకుని ఊదడం. కొరికారంటే పై పెదవి నొప్పి పుడుతుంది, మీరు వెంటనే ఆపేస్తారు. దీన్ని రోజూ ఐదు నిమిషాలు, కూర్చుని, బెల్‌ని మోకాళ్ల మధ్య ఆనించి చేయండి, తర్వాత మామూలు పద్ధతికి వచ్చినా లోపల అదే వెడల్పు ఉంచుకోండి. బోస్టన్ సింఫనీలో 1970 నుంచి 1993లో చనిపోయేదాకా ప్రధాన క్లారినెటిస్టుగా ఉన్న హెరాల్డ్ రైట్ కచేరీలన్నీ డబుల్ లిప్‌తోనే వాయించేవారు. ఆయన రికార్డింగులు వినండి, మెల్లగా వాయించేటప్పుడు కూడా ఆ స్వరం ఎంత వెడల్పుగా ఉంటుందో చూడండి.

మెల్లగా వాయించడం అన్నాను కాబట్టి ఒక మాట. క్లారినెట్‌లో శబ్దం తగ్గిస్తే శృతి పైకి, పెంచితే కిందికి పోయే గుణం ఉంటుంది. మెల్లగా వాయించమనగానే దవడతో రీడ్‌ని మూసేవాళ్లకి ఈ సమస్య రెండింతలవుతుంది. గాలి వేగం అలాగే ఉంచి, గాలి పరిమాణం మాత్రం తగ్గించండి, మూలలు గట్టిపడాలి, దవడ కదలకూడదు.

నాలుక, కంఠం

గొంతు తెరువు, ఆవలించినట్టు పెట్టు అని చెప్తారు. మంచి ఉద్దేశంతోనే చెప్తారు గానీ ఆవలింతలో నాలుక వెనక్కి, కిందికి పోతుంది, అది నాలుక వేరుని బిగిస్తుంది, టోన్ బోలుగా, మొద్దుగా అవుతుంది, పై స్వరాలు మొదలయ్యే ముందు కింద నుంచి "గుర్" మంటూ ఒక మూలుగు వినిపిస్తుంది. క్లారినెట్‌కి నాలుక పైన ఉండాలి. "ఈ" అనేటప్పుడు నాలుక వెనకభాగం పక్కలు పై దవడ పళ్లకి తగులుతాయి, అక్కడే ఉంచి, అరచేతి మీద చల్లటి గాలి ఊదండి. చల్లటి గాలి వేగంగా, సన్నగా వస్తుంది. "హా" అని ఊదితే వెచ్చగా, నెమ్మదిగా వస్తుంది. మనకి కావలసింది చల్లటి గాలి, కంఠం మాత్రం మామూలుగా మాట్లాడేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, దాన్ని ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. ఊదుతుంటే మీ గొంతులోంచి సన్నటి మూలుగు లాంటిది వినిపిస్తోందంటే కంఠం తలుపు సగం మూసుకుని ఉందని గుర్తు, పైన చెప్పిన ఉయ్యాల ఊపిరి దానికి మందు.

రోజూ ఎలా చేయాలి

నా పద్ధతి చెప్తాను, మీకు తగ్గట్టు మార్చుకోండి. మొదటి మూడు నిమిషాలు వాయిద్యం పెట్టెలోనే ఉంటుంది: పాదాలు, మోకాళ్లు, తల చిన్నగా ఊపడం, ఉయ్యాల ఊపిరి. తర్వాత క్లారినెట్‌ని నోటి దగ్గరికి తేవడం, ఊదకుండా, పదిసార్లు. తర్వాత మౌత్‌పీస్, బ్యారెల్, ఎఫ్ షార్ప్. తర్వాత లాంగ్ టోన్లు, అంటే స్వరాల్ని లాగి పట్టుకోవడం, కింది ఇ నుంచి పైకి, ఒక్కో స్వరం ఒక ఊపిరి, ఒక్కో స్వరంలో ఒక్క చోటు మీదే ధ్యాస. ఈ స్వరంలో మోకాళ్లు, తర్వాతి స్వరంలో బొటనవేలు, ఆ తర్వాత చెంప కండరం. అన్నీ ఒకేసారి సరిచేయాలని చూస్తే సరిచేయడమే కొత్త బిగువు అవుతుంది, ఇది నేను నెలల తరబడి చేసిన తప్పు. పాఠం వాయిస్తున్నప్పుడు మాత్రం ఇవేవీ ఆలోచించకండి, సంగీతం వినండి, ఊపిరి తీసుకునే చోట మాత్రం ఒక్క క్షణం భుజాలు దిగాయో లేదో చూసుకోండి చాలు.

ఇరవై ఐదు, ముప్పై నిమిషాలకి ఒకసారి క్లారినెట్ కింద పెట్టి ఐదు నిమిషాలు చేతులు వేలాడేసి నడవండి. కచేరీ ముందు టెన్షన్‌తో అన్నీ బిగుసుకుంటాయి, అది సహజం, అప్పుడు నోటిని సరిచేయబోకుండా పాదాల నుంచి మొదలుపెట్టండి, ఒక పొడవాటి ఊపిరి పూర్తిగా బయటికి వదలండి, లోపలికి వచ్చేది దానంతట అదే వస్తుంది.

బొటనవేలి మొదట్లో, మణికట్టులో, దవడ కీలులో నొప్పి వస్తుంటే, వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, లేదా ఏదో ఒక వేలు చెప్పినమాట వినకుండా దానంతట అదే ముడుచుకుంటుంటే, ఈ వ్యాయామాలతో లాక్కురావద్దు. ఆపేసి డాక్టర్‌కి చూపించండి, సంగీతకారుల చేతుల గురించి తెలిసినవాళ్లు దొరికితే మంచిది, త్వరగా వెళ్లడం ఇంకా మంచిది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఈ వారం ఒక్కటే చేయండి. బెల్‌కి ఆసరా పెట్టి జి ఊది రికార్డు చేయండి, ఆసరా తీసేసి మళ్లీ ఊది రికార్డు చేయండి, రెండూ పక్కపక్కన పెట్టి వినండి.